ఎండలో పెట్టిన ఉష్ణోగ్రత, తేమ సెన్సర్ల మీద యూవీ (అతినీలలోహిత కిరణాల) ప్రభావం ఎంత?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వెళతాను. ఖమ్మంలో మీ డాబా మీద, పిట్టగోడకు బిగించిన తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో, ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచే చౌక రకం డీహెచ్‌టీ22 సెన్సర్ పెట్టి పద్నాలుగు నెలలైంది. మే నెల మధ్యాహ్నం అది 46 డిగ్రీలు, 17 శాతం తేమ చూపిస్తుంటే, అదే సమయానికి మీరు పోల్చి చూసుకున్న వాతావరణ కేంద్రం అంకెలు 41 డిగ్రీలు, 22 శాతం. పైగా మొదట్లో వాన పట్టిన రాత్రుల్లో 99 దాకా వెళ్లిన తేమ రీడింగ్ ఇప్పుడు 91 దగ్గరే ఆగిపోతోంది. బలమైన వెలుతురు, యూవీ కిరణాలు ఎక్కువ కాలం తగిలితే సెన్సర్ పనితీరు తగ్గుతుందని దాని డేటాషీట్‌లో చదివి, ఈ రెండింటికీ యూవీయే కారణమా, పైన యూవీని ఆపే యాక్రిలిక్ పలక అమరిస్తే సరిపోతుందా అని అడిగారు.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకటి ఎండతో వచ్చి ఎండతో పోయేది, రెండోది రాత్రీ పగలూ ఉండిపోయేది. యూవీకి మొదటిదానితో సంబంధం తక్కువే. రెండోదానితో సంబంధం ఉండవచ్చు, అదీ ఎక్కువగా దొడ్డిదారిన. ఇరవై ఏళ్లుగా శీతల గిడ్డంగుల్లో, కోళ్ల షెడ్లలో, పాలీహౌస్‌లలో తేమ మీటర్లు సరిచూసే పనిలో ఉన్నాను. ఈ రెండు జబ్బులనూ కలిపేసి ఒకే మందు వేసినవాళ్లనే ఎక్కువగా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మధ్యాహ్నపు తేడా సంగతి. భూమిని చేరే సూర్యకాంతి శక్తిలో 280 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ వాటా సుమారు 5 శాతం. మిగతాదంతా కంటికి కనిపించే వెలుగు, దానికి ఆవల ఉండే పరారుణ కిరణాలు. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు 1000 వాట్లు అనుకుంటే, అందులో యూవీ 50 వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. మీ డబ్బాను వేడెక్కిస్తున్నది ప్రధానంగా మిగిలిన 950 వాట్లే. డబ్బా వేడెక్కితే దానిలోని గాలి, ఆ గాలితో పాటు సెన్సర్ వేడెక్కుతాయి. అప్పుడు సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. తన చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉందో అంతే చెబుతోంది. ఆ గాలి ఊరి గాలి కాకపోవడమే చిక్కు.

దీనికి సాక్ష్యం మీరు ఇచ్చిన అంకెల్లోనే ఉంది. 41 డిగ్రీల దగ్గర గాలి గరిష్ఠంగా పట్టుకోగల నీటి ఆవిరి పీడనం దాదాపు 78 హెక్టోపాస్కల్స్. అందులో 22 శాతం అంటే సుమారు 17. మీ సెన్సర్ చూపిన 46 డిగ్రీల దగ్గర ఆ గరిష్ఠ పీడనం దాదాపు 101, అందులో 17 శాతం అంటే మళ్లీ 17. అంటే రెండు చోట్లా గాలిలో ఉన్న నీరు ఒకటే, రెండింటి డ్యూ పాయింట్ (గాలి చల్లబడుతూ పోతే అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కూడా 15 డిగ్రీలే. సెన్సర్ లోపల తేమను కొలిచే పలుచటి పొర పాడై ఉంటే ఈ రెండు లెక్కలు ఇంత చక్కగా కలిసేవి కావు. తేమ తక్కువగా కనిపించడం విడిగా వచ్చిన లోపం కాదు, ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు పెరిగినందువల్ల శాతం తగ్గిందంతే. అనుమానం వచ్చినప్పుడల్లా శాతాలను పక్కనపెట్టి డ్యూ పాయింట్లను పోల్చడం అలవాటు చేసుకోండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. మీకు ఒక సందేహం రావచ్చు: పొర రాత్రి తప్పు చూపిస్తూ మధ్యాహ్నం నిజం చెబుతుందా అని. చెప్పవచ్చు. ఇలాంటి సెన్సర్లలో తప్పు కొలిచే పరిధి అంతటా ఒకేలా ఉండదు. 91 దగ్గర ఎనిమిది శాతం తప్పే పొర, 17 దగ్గర ఒకటి రెండు శాతం మాత్రమే తప్పడం మామూలే.

యాక్రిలిక్ పలక ఆలోచన మానుకోండి. అది యూవీని ఆపినా కనిపించే వెలుగును దాదాపు పూర్తిగా లోపలికి వదులుతుంది. లోపలి వస్తువులు వేడెక్కి వెలువరించే ఉష్ణ వికిరణాన్ని మాత్రం బయటకు పోనివ్వదు, దానికి తోడు గాలికి అడ్డం పడుతుంది. ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారులో ఏం జరుగుతుందో మీ సెన్సర్‌కూ అదే జరుగుతుంది. యూవీ భయంతో పలక వేసిన ఒకాయన రీడింగులు ఐదు డిగ్రీల తప్పు నుంచి తొమ్మిది డిగ్రీల తప్పుకు వెళ్లడం నేను చూశాను.

ఇక్కడే తెలుపు రంగు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది గమనించరు. తెల్ల పెయింట్లలోనూ తెల్ల ప్లాస్టిక్‌లోనూ తెల్లదనం ఇచ్చేది సాధారణంగా టైటానియం డయాక్సైడ్. అది కనిపించే వెలుగును అద్భుతంగా వెనక్కి కొడుతుంది గానీ, సుమారు 400 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గరకు వచ్చేసరికి దాదాపు అంతా తాగేస్తుంది. అంటే మన కళ్లకు మల్లెపువ్వులా కనిపించే డబ్బా యూవీ దృష్టిలో దాదాపు నల్లని డబ్బా. కొత్త తెల్ల పూత మొత్తం ఎండలో ఐదో వంతు దాకా పీల్చుకుంటుందనుకుంటే, ఆ పీల్చుకున్నదానిలో యూవీది చెప్పుకోదగ్గ భాగమే. కాబట్టి వేడిలో యూవీ పాత్ర సున్నా అనను. కానీ ఆ వాటాను తగ్గించడానికి చేసే ప్రయత్నం కంటే గాలి ఆడేలా చేయడం వల్ల కలిగే లాభం ఎన్నో రెట్లు ఎక్కువ.

గాలి ఆడే నీడ అనేది కొత్త ఆలోచన కాదు. స్కాట్లండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ 1864లో రూపొందించిన, రెండు వరుసల వాలు రెక్కల తెల్ల చెక్కపెట్టెనే ఇప్పటికీ మన వాతావరణ కేంద్రాల ఆవరణల్లో చూస్తాం. మీరు కొనగలిగే, ఒకదాని కింద ఒకటిగా పళ్లేలు పేర్చినట్టుండే ప్లాస్టిక్ రేడియేషన్ షీల్డ్ దానికి చిన్న రూపమే. అయితే గాలి కదలని మే మధ్యాహ్నం మంచి షీల్డ్‌లో కూడా ఒక డిగ్రీ, ఒక్కోసారి అంతకు మించి తేడా ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టి గాలిని సెన్సర్ మీదుగా లాగించాలి. 19వ శతాబ్దం చివర్లో జర్మనీ వాతావరణ శాస్త్రవేత్త రిఖార్డ్ ఆస్మాన్ తయారుచేసిన థర్మామీటర్ పరికరంలో తాళంచెవితో తిప్పే ఫ్యాన్ చేసిన పని ఇదే.

డాబాకు ఉన్న ప్రత్యేక ఇబ్బంది కూడా చూసుకోండి. షీల్డ్ రెక్కలు పైనుంచి వచ్చే ఎండను ఆపేలా వాలుగా ఉంటాయి, కింద నుంచి వచ్చే వెలుగుకు మాత్రం దారి ఇస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చాక డాబాలకు తెల్ల పూత వేయించేవారు పెరిగారు. ఇంటికి అది మంచిదే గానీ, ఆ తెల్లని నేల మీద అడుగు ఎత్తులో పెట్టిన సెన్సర్‌కు కింద నుంచి రెండో సూర్యుడు తయారవుతాడు. పూత లేని కాంక్రీటు అయితే వేడి గాలిని పైకి పంపుతుంది. మీ డబ్బాను పిట్టగోడ నుంచి తీసి, వీలైతే పెరట్లో మట్టినేల మీద, లేదంటే డాబా మీదే పైపు నిలబెట్టి నేల నుంచి కనీసం మీటరున్నర ఎత్తులో పెట్టండి. ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పే ఎత్తు 1.25 నుంచి 2 మీటర్లు.

ఇక రెండో జబ్బు, అంటే వాన రాత్రి 99 రావలసిన చోట 91 రావడం. ఎండ లేనప్పుడు కూడా ఉన్న తప్పు కాబట్టి దీన్ని వేడి మీదకు నెట్టలేం. డీహెచ్‌టీ22 తేమను కొలిచేది కెపాసిటర్ పద్ధతిలో. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలుచటి పాలిమర్ (పొడవైన అణు గొలుసులతో అయిన ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర ఉంటుంది, అది గాలిలోని నీటిని పీల్చినకొద్దీ కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలవచేసుకునే సామర్థ్యం, పెరుగుతుంది. ఫిన్లండ్ కంపెనీ వైసాలా 1973లో హ్యూమిక్యాప్ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ఈ పద్ధతే నేటి చాలా చౌక సెన్సర్లకు మూలం. ఆ పొర ఎంత నీటికి ఎంత స్పందించాలన్నది దాని అణు నిర్మాణం మీద ఆధారపడుతుంది. కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. 300 నానోమీటర్ల యూవీ ఫోటాన్లలో మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్లు ఉంటాయి. కాబట్టి పాలిమర్ గొలుసులను తెంచే శక్తి యూవీకి ఉందనడంలో సందేహం లేదు. గొలుసు తెగిన చోట ఆక్సిజన్ చేరి, నీటిని ఆకర్షించే కొత్త పరమాణు గుంపులు ఏర్పడతాయి, అందువల్ల పొర స్వభావం మారుతుంది. మార్పు ఎటువైపు ఉంటుందన్నది ఆ పాలిమర్‌ను బట్టి ఉంటుంది, అందుకే “యూవీ తగిలితే తేమ ఎక్కువ చూపిస్తుంది”, “తక్కువ చూపిస్తుంది” అని ఖాయంగా చెప్పే మాటలను నేను నమ్మను.

అయితే మీ సెన్సర్ పొర మీద నేరుగా ఎంత యూవీ పడింది? డబ్బా లోపల, సెన్సర్ ముందు భాగంలోని జల్లెడ వెనుక ఉన్న పొరకు నేరుగా అందేది చాలా తక్కువ. అలాగని పూర్తిగా లేదనీ అనలేం, ఎందుకంటే పొట్టి తరంగాలు గాలిలో ఎక్కువగా చెదిరిపోతాయి కనుక యూవీలో పెద్ద భాగం సూర్యుడి దిక్కు నుంచి కాకుండా ఆకాశమంతటి నుంచీ దిగుతుంది. “ఎండ పడదు, నీడలోనే ఉంది” అని ఉత్తరపు గోడకు తగిలించిన సెన్సర్ కూడా రోజంతా యూవీలోనే ఉంటుంది. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌కు మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం నీడ కాళ్ల కిందకే చేరుతుంది. ఆ రోజుల్లో మబ్బు లేకపోతే యూవీ సూచిక 11 దాటి తీవ్రాతి తీవ్ర శ్రేణిలో ఉండటం మామూలు విషయం.

నా అనుభవంలో యూవీ ఎక్కువ నష్టం చేసేది పొరకు కాదు, దాని చుట్టూ ఉన్నవాటికి. మూడు వేసవులు చూసిన ఒక షీల్డ్‌ను విప్పినప్పటి సంగతి చెబుతాను. పై పళ్లెం మీద వేలు పెట్టి రాస్తే సున్నం గోడను రాసినట్టు తెల్లటి పొడి వేలికి అంటింది. పళ్లెం అసలు రంగు పాత పియానో మెట్లలా పసుపు తిరిగింది. ఒక రెక్క అంచు నొక్కగానే అప్పడంలా విరిగింది. నైలాన్ జిప్ టైలు ముట్టుకుంటే ముక్కలయ్యాయి. ఆ పొడే కింద ఉన్న సెన్సర్ జల్లెడ రంధ్రాల్లో దుమ్ముతో కలిసి పొరలా పేరుకుని ఉంది. ఆ ఒక్క దృశ్యంలో రెండు తప్పులకూ మూలం ఉంది. పసుపు తిరిగిన పళ్లెం కొత్తదాని కంటే ఎక్కువ ఎండ పీల్చుకుంటుంది కనుక మధ్యాహ్నపు వేడి తప్పు ఏడాదికేడాది పెరుగుతుంది. జల్లెడ మూసుకుపోవడం వల్ల తేమ మార్పు సెన్సర్‌కు ఆలస్యంగా చేరుతుంది. సెన్సర్ చెక్కుచెదరకపోయినా రీడింగ్ చెదిరిపోతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌లోని రబ్బరు భాగం యూవీకి త్వరగా లొంగుతుంది కాబట్టి షీల్డ్ కొనేటప్పుడు ఏఎస్‌ఏ ప్లాస్టిక్‌ది అడగండి. త్రీడీ ప్రింటర్ మీద మీరే చేసుకునేటట్టయితే పీఎల్‌ఏ వాడకండి, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండకు రెక్కలు వేలాడతాయి.

ఉష్ణోగ్రత వైపు కూడా ఇలాంటి దొడ్డిదారి ఉంది. ప్లాటినం తీగకు, స్టీలు గొట్టంలో ఉన్న పీటీ100 (ప్లాటినంతో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్)కు యూవీ ఏమీ చేయదు. ఎపాక్సీ జిగురు బొట్టులో ముంచిన చౌక థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే ఉష్ణోగ్రత సెన్సర్) అయితే ఎపాక్సీ పసుపెక్కి, సన్నని పగుళ్లిచ్చి, వానాకాలంలో నీరు తాగుతుంది. 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్‌కు సమాంతరంగా ఒక మెగా ఓమ్ తేమ లీకేజీ ఏర్పడితే నిరోధం ఒక శాతం తగ్గుతుంది. డిగ్రీకి నాలుగు శాతానికి పైగా మారే పరికరంలో అది 0.2 డిగ్రీల అధిక రీడింగ్ అన్నమాట. వానల్లో మాత్రమే ఉష్ణోగ్రత కొంచెం ఎక్కువ చూపించే సెన్సర్ కనిపిస్తే, కిందటి వేసవి ఎండను అనుమానించండి. పీవీసీ తీగ తొడుగులు పగిలినా ఫలితం ఇదే.

వెలుగు తగిలిన క్షణమే రీడింగ్ మారే సందర్భం ఒకటుంది గానీ అది యూవీకి పరిమితమైనది కాదు. సిలికాన్ చిప్ తొడుగు లేకుండా వెలుగుకు కనబడితే అందులో ఫోటో కరెంట్ పుడుతుంది. 1100 నానోమీటర్ల లోపు ఏ వెలుగైనా అందుకు చాలు. 2015లో రాస్ప్‌బెర్రీ పై 2 అనే చిన్న కంప్యూటర్ బోర్డును కెమెరా ఫ్లాష్‌తో ఫోటో తీస్తే అది ఆగిపోయి మళ్లీ మొదలవడం చూసి అందరూ నవ్వుకున్నారు. అక్కడ జరిగింది ఇదే. డ్రోన్లలో వాడే ఎంఎస్5611 లాంటి పీడన సెన్సర్లకు ఎండ పడితే ఎత్తు లెక్క తప్పుతుందని వాటి మీద నల్ల స్పాంజి ముక్క అంటించేది ఇందుకే. మీ దాంట్లో ఈ తేడా ఉందో లేదో తెలుసుకోవడం సులువు. రాత్రి చీకట్లో, దగ్గర నుంచి ఎల్ఈడీ టార్చ్ వేయండి. డీహెచ్‌టీ22 రెండు సెకన్లకోసారి కొత్త అంకె ఇస్తుంది కాబట్టి మొదటి రెండు అంకెల్లోనే ఎగిరిందంటే అది వెలుగు పని, నిమిషాల మీద మెల్లగా పెరిగితే వేడి పని. ఈ సెన్సర్ విషయంలో ఏమీ ఎగరదనే నా అంచనా.

యూవీ నేరుగా, వేగంగా పొరను దెబ్బతీసే చోటు ఎండ కాదు, క్రిమిసంహారక దీపాలు. పాదరసపు దీపం వెలువరించే 253.7 నానోమీటర్ల యూవీ-సీ (యూవీలో అతి పొట్టి తరంగాల రకం) భూమి మీద సహజంగా ఎక్కడా దొరకదు, ఓజోన్ పొర దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. కొన్ని దీపాలు 185 నానోమీటర్ల కిరణాన్ని కూడా బయటకు వదిలి స్వయంగా ఓజోన్‌ను తయారుచేస్తాయి, ఆ ఓజోన్ మలుపులు తిరిగి కూడా పాలిమర్‌ను చేరుతుంది. ఒక ప్రయోగశాలలోని గాలి నాళంలో, దీపం ఎదుటే పెట్టిన సెన్సర్లను ఏడాదిలో మూడుసార్లు మార్చి, చివరకు సరుకు నాసిరకమని నిర్ణయించుకున్నారు. సెన్సర్‌ను మలుపు దాటించి, దీపానికి ముందు భాగంలోకి, అంటే గాలి వచ్చే వైపుకు జరపగానే ఆ బాధ తప్పింది. అల్యూమినియం యూవీ-సీని బాగా ప్రతిఫలింపజేస్తుంది కాబట్టి మెరిసే రేకు నాళంలో ఒక్క మలుపు చాలకపోవచ్చు, నల్లని లోహపు అడ్డు కూడా పెట్టాలి. మీ డాబాకు ఇది వర్తించదు.

ఇప్పుడు మీరు చేయవలసింది. ముందు సెన్సర్‌ను విప్పి, జల్లెడను మెత్తని పొడి కుంచెతో దులపండి. స్పిరిట్, థిన్నర్ వంటివి తాకనివ్వకండి, వాటి ఆవిరి కూడా పొరకు చేటే. తర్వాత ఉప్పు పరీక్ష చేయండి. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ను కొద్ది నీటితో తడి ఇసుకలా కలిపి, దానికి తగలకుండా సెన్సర్‌ను వేలాడదీసి, ఉష్ణోగ్రత మారని గదిలో పన్నెండు గంటలు ఉంచండి. 25 డిగ్రీల దగ్గర లోపలి తేమ 75.3 శాతానికి వచ్చి నిలబడుతుంది. కల్లుప్పు వద్దు, వానాకాలంలో అది చెమ్మగిల్లడానికి కారణమైన మెగ్నీషియం లవణాలు ఈ అంకెను కిందికి లాగుతాయి. రీడింగ్ 73, 77 మధ్య ఉంటే 75 దాకా పొర బాగున్నట్టే, తప్పు ఆ పైనే ఉందని అర్థం. 70 లోపు ఉంటే పొర స్పందన మారిపోయింది.

మారిన పొర కొంతవరకు కోలుకోవచ్చు. డీహెచ్‌టీ22కు తయారీదారు చెప్పే పద్ధతి ఇది: 50 నుంచి 60 డిగ్రీల వేడిలో, 10 శాతం లోపు తేమలో రెండు గంటలు, ఆ తర్వాత 20 నుంచి 30 డిగ్రీల దగ్గర, 70 శాతం పైన తేమలో ఐదు గంటలు. రెండో దశకు మీ ఉప్పు సీసాయే పనికొస్తుంది. ఈ వైద్యం ఆవిర్లు పీల్చిన పొరకు, ఎక్కువకాలం అధిక తేమలో నానిన పొరకు పనిచేస్తుంది. యూవీ తెంచిన గొలుసులను మాత్రం అతికించదు. కాబట్టి వైద్యం తర్వాత మళ్లీ ఉప్పు పరీక్ష చేసి, రీడింగ్ వెనక్కి వస్తే మీ సెన్సర్‌ది యూవీ జబ్బు కాదని, రాకపోతే యూవీనో వయసో అని అనుకోవచ్చు. అప్పుడు కొత్తది కొనడమే మేలు, దిద్దుబాటు అంకెలు కలుపుతూ కూర్చోవడం దండగ.

కొంటే రెండు కొనండి. ఒకటి షీల్డ్‌లో పెట్టి, రెండోది నల్ల కవరులో చుట్టి బీరువాలో ఉంచండి, నాఫ్తలిన్ ఉండలు ఉన్న అరలో మాత్రం వద్దు. వేసవి ముగిశాక ఒకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి దాన్ని తీసి షీల్డ్‌లో మొదటిదాని పక్కనే రెండు రాత్రులు వేలాడదీసి, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య రెండింటి అంకెలు రాసుకోండి. పగటి అంకెలను ఈ పోలికకు వాడకండి. కొత్త షీల్డ్‌ను పైపుకు కట్టేటప్పుడు తెల్ల జిప్ టైలు కాకుండా కార్బన్ కలిపిన నల్లవి, దొరికితే స్టీలు క్లిప్పులు వాడండి. వచ్చే మే గాడ్పుకు షీల్డ్ ఊడి కింద పడిందంటే మొదట తెగేది వాటి దగ్గరే.